పెన్సిల్‌తో పెట్టిన ప్లస్

ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక పశువైద్యుడు ఫోన్ చేసి, “సార్, కుక్కకు పిడుదుల జ్వరం అని అనుమానం వస్తే స్ట్రిప్ నమ్మాలా, స్లైడ్ నమ్మాలా? ఒక్క మాటలో చెప్పండి” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాటలో తేలేదైతే ఇన్నేళ్ళు మైక్రోస్కోపు మీద వంగి మెడనొప్పి ఎందుకు తెచ్చుకుంటాను? ఏదో కసురుకుని పెట్టేశాను. తర్వాత పాపం అనిపించింది. అతని ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కానీ ఆ జవాబు చెప్పాలంటే ఒక కుక్క సంగతి చెప్పాలి. ఆ కుక్క సంగతి చెప్పాలంటే నా తప్పు చెప్పాలి. కసురుకున్నది అందుకే.

మాది కడప. ఉద్యోగమంతా కర్నూలు, కడప జిల్లాల్లోనే గడిచింది. మొదట్లో పల్లె ఆసుపత్రులు, ఆ తర్వాత పశువుల రోగాలు తేల్చే ల్యాబ్. ఏ ఊరి ల్యాబో రాయను. పేరు రాస్తే తప్పు ఆ గోడలకు అంటుకుంటుంది, అది నాది. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి కూడా రాయను. అవి నాకే పెద్దగా ఉపయోగపడలేదు, మీకేం ఉపయోగపడతాయి?

బోరు నీళ్ళు

ల్యాబ్‌లో చేరిన మొదటి నెలలోనే నేను ఆరు బర్రెలకు రోగం అంటగట్టాను. ఒకే ఊరి నుంచి ఆరు రక్తపు స్లైడ్లు వచ్చాయి. రంగు వేసి చూస్తే ప్రతి దాంట్లోనూ ఎర్ర రక్తకణాల మీద నల్లటి చుక్కలు. రక్తంలో పురుగు ఉందని ఆరింటికీ రాసేశాను. మా పై అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన ఆ కాగితం చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

“ఏమప్పా, ఆరు బర్రెలకు ఒకే దినం ఒకే రోగం వచ్చిందంటే ముందు బర్రెల్ని అనుమానించాల్నా, నీ నీళ్ళని అనుమానించాల్నా?”

మా వైపు బోరు నీళ్ళు మీకు తెలిసిందే, నాలుగు రోజులు కాస్తే గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. నేను రంగు కలిపింది ఆ నీళ్ళతోనే. స్లైడు మీద నాకు కనబడింది పురుగు కాదు, పేరుకున్న రంగు. పెద్దసారు నన్ను టీ కాచే గిన్నె దగ్గరికి తీసుకుపోయి, లోపలి పెచ్చును గోరుతో గీకించాడు. “ఇదిగో, నీ రోగం ఇదీ” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, అంతకంటే మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, పెద్దసారు మనిషి మంచివాడు, పనిమంతుడు. ముందు ముందు ఆయన గురించి ఇంకో మాట రాయాల్సి ఉంది. అది చదివి ఆయన్ను తక్కువగా చూడొద్దు.

రెండూ ఒకటే చెప్పాయి

చాలా ఏళ్ళ తర్వాత ల్యాబ్‌కు స్ట్రిప్‌లు వచ్చాయి. కుక్క నెత్తురు ఒక చుక్క వేస్తే, పది నిమిషాల్లో గీత పడుతుందా లేదా అన్నది చూసుకోవచ్చు. పిడుదులు అంటించే ఎర్లీకియా అనే జ్వరానికి అది పరీక్ష. కొనాలా వద్దా అని తేల్చడానికి, అవే కుక్కల రక్తాన్ని స్ట్రిప్ మీదా స్లైడు మీదా చూసి రెండింటినీ పోల్చి రాయమని పెద్దసారు నాకు అప్పజెప్పాడు.

చదువుకున్నవాళ్ళకు కూడా తికమక కలిగించే చోటు ఇది, కాస్త నిదానంగా చదవండి. స్లైడు మీద మనం చూసేది పురుగునే. అది ఉంటే ఉంది. కానీ తక్కువగా ఉన్నప్పుడు, కన్ను అలిసినప్పుడు దొరకదు. స్ట్రిప్ చూసేది పురుగును కాదు, ఆ పురుగు మీద ఒళ్ళు చేసిన పోరాటం తాలూకు గుర్తును. ఆ గుర్తు నెలల తరబడి నెత్తుట్లో ఉండిపోతుంది. మా వైపు కుక్కకు చెవి మడిచి చూస్తే చాలు, పిడుదులు గుత్తులుగా కనబడతాయి. చాలా కుక్కలకు ఆ జ్వరం ఎప్పుడో వచ్చి, పోయి ఉంటుంది. గీత పడిందంటే ఆ కుక్క ఆ రోగాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొందని అర్థం, అంతే. ఈ రోజు పడుకున్నది ఆ రోగంతోనేనా అన్నది స్ట్రిప్ చెప్పదు. ఇంకా పెద్ద పరీక్ష కావాలంటే నగరానికి పంపాలి. దాని ఫలితం వచ్చేలోగా కుక్క లేచి తిరుగుతూనైనా ఉంటుంది, గుంటలోనైనా ఉంటుంది.

ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షలో అడిగితే నూటికి నూరు వచ్చేవి.

కానీ మా ల్యాబ్‌లో ఒక అలవాటు ఉండేది. దాన్ని మొదలుపెట్టింది నేనే. స్లైడుకు ఒక కొసన గరుకు గాజు ఉంటుంది, పెన్సిల్‌తో రాసుకోవడానికి. అక్కడ నంబరు, యజమాని పేరుతో పాటు స్ట్రిప్ ఫలితం కూడా రాసేవాణ్ణి. గీత పడితే ప్లస్, పడకపోతే మైనస్. ఒకదానిది ఒకదానికి కలిసిపోకుండా ఉంటుందని. చూడముచ్చటగా ఉండేది. వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్ళకు పెద్దసారు నా స్లైడ్ల పెట్టె తెరిచి చూపించేవాడు.

ప్లస్ ఉన్న స్లైడు చేతికి తీసుకుంటే నా కన్ను తెల్లకణాల మీదికే పోయేది, ఎర్లీకియా ఉండేది వాటిలోనే గనక. ఏదో ఒక మచ్చ దొరికేదాకా వెతికేవాణ్ణి. మైనస్ ఉంటే పైపైన చూసి పక్కన పెట్టేవాణ్ణి. ఇంకేముంది, స్ట్రిప్ చెప్పింది స్లైడు, స్లైడు చెప్పింది స్ట్రిప్ చెప్పాయి. “రెండూ ఒకటే చెప్తాండాయి గదప్పా! ఇంగ స్లైడుతో పనేముంది?” అని పెద్దసారు సంబరపడ్డాడు. నేనూ పడ్డాను.

కరియ

ఆ పోలిక నడుస్తున్న రోజుల్లోనే యోహాను వచ్చాడు. పత్తికొండ దగ్గరి పల్లె. గొర్రెల కాపరి. రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద పెడుతూ ఊరూరా తిరిగేవాడు. ఖాళీ టమోటా బాక్సుల ఆటోలో, బాక్సుల మధ్య గోనెసంచి పరిచి, దాని మీద తన కుక్కను పడుకోబెట్టి తెచ్చాడు. నల్లటి కుక్క, కరియ అని పేరు. ముఖం మీద పాత గాట్లు. అవి తోడేళ్ళు పెట్టిన గాట్లని చెప్పాడు. ఆ చేలల్లో తోడేళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

“ఇది ల్యాకుంటే నాకు మంద ల్యా సార్” అన్నాడు యోహాను. “మూడు దినాలాయ, కూడు ముట్టక. ఉచ్చ టీ డికాషన్ మాదిరి పోస్తాండాది.”

ఆ డికాషన్ మాట నా చెవిన పడింది. పడలేదని అబద్ధం చెప్పను. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాను, పాలిపోయి ఉన్నాయి. చెవి కొన నుంచి నెత్తురు తీసి స్ట్రిప్ మీద వేశాను. గీత పడింది. స్లైడు మీద ప్లస్ పెట్టాను. రంగు వేసి, తెల్లకణాల్లో వెతికాను. ఒకదాంట్లో మచ్చలాంటిది కనబడింది. ఇంకేం, తేలిపోయింది అనుకున్నాను. ఎర్లీకియాకు వేసే మాత్రలు రాసి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేయమన్నాను.

యోహాను కదల్లేదు. “ఆ ఉచ్చ సంగతి ఏంది సార్? ఇంగొగసారి సూడు సార్, ఆ అద్దంలో.”

“ఏమప్పా, స్ట్రిప్ చెప్పింది, స్లైడు చెప్పింది. ఇంగ నీకు ఎవరు చెప్పాల?” అన్నాను. బయట ఇంకో నలుగురు ఉన్నారు. భోజనం వేళ దాటింది. ఇవి సాకులు. అసలు సంగతి, నా పని తప్పుపట్టడానికి ఒక గొర్రెల కాపరి ఎవరు అనిపించింది.

అతను కుక్కను ఎత్తి భుజాన వేసుకున్నాడు. దాని తల అతని వీపు మీద వేలాడింది.

మిగిలిన మాత్రలు

ఐదో రోజు యోహాను ఒక్కడే వచ్చాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

“నిన్న పాయ సార్. ఇవి మిగిలిండాయి. ఇంగో కుక్కకు పనికొస్తాయేమోనని తెచ్చినా.”

ఆ మనిషి మంచితనం చూడండి. నేను చేసిందేమిటో కూడా చూడండి. ఆ అట్ట తీసుకుని లెక్కపెట్టాను. నాలుగు రోజులకు ఎనిమిది పోవాలి. ఆరే పోయాయి.

“రెండు ఎక్కువ మిగిలాయే? మాత్రలు వేసేది ఎవరు?”

“మా ఆడమనిషి సార్, రూతమ్మ. నేను మంద ఎనకాల పోతా. ఒగ దినం ఆమె చర్చిలో కోత పండగకు పోయింది.”

“అదీ సంగతి!” అన్నాను. “ఒక్క పూట తప్పినా మందు పని చేయదప్పా. రోగం కనుక్కోవడం మా పని, మాత్ర వేయడం మీ పని గదా?”

యోహాను తలకు చుట్టుకున్న టవల్ విప్పి, మళ్ళీ చుట్టుకుని, పోయాడు. నేను ఆ అట్టను సొరుగులో పడేసి తర్వాతి స్లైడు తీసుకున్నాను. మనసు తేలికపడింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నిజంగా తేలికపడింది.

ప్లాస్టర్ వేసిన స్లైడ్లు

నాలుగు నెలల తర్వాత ల్యాబ్‌కు డాక్టర్ షాహీన్ వచ్చింది. కడప అమ్మాయే, కాలేజీ నుంచి నేరుగా. సన్నటి మనిషి, పెద్ద గొంతు. వచ్చిన వారంలోనే నా స్లైడ్ల పెట్టె ముందు నిలబడింది.

“సార్, స్లైడు చూసేముందే మీకు స్ట్రిప్ ఫలితం తెలిసిపోతాది గదా?”

“తెలుస్తుంది. అందులో తప్పేముందమ్మా?”

“మాకు కుక్కల్లో కాలా ఆజార్ పరీక్షల్ని ఎట్లా పోల్చాల్నో పాఠం చెప్పేటప్పుడు మా మేడం మొట్టమొదట చెప్పింది ఇదే సార్. ఒకదాని జవాబు చూసి రెండోది చేస్తే అవి రెండు పరీక్షలు కావు, ఒకటేనని.”

“కాలా ఆజార్ ఈడ యాడుంది తల్లీ? అది బీహార్ దిక్కు రోగం.”

“ఆ రోగం ల్యాదు సార్. జవాబు చూసి మోసపోయే కన్ను అయితే ఈడా ఉండాది గదా?”

నాకు రోషం వచ్చింది. కావాలంటే పరీక్ష పెట్టుకోమన్నాను. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. కట్లు కట్టే ట్రే లోంచి ప్లాస్టర్ తెచ్చి, పాతవీ, ఆ వారం వచ్చినవీ కలిపి నలభై స్లైడ్ల కొసలకు అంటించి, నా ప్లస్సులూ పేర్లూ కనబడకుండా మూసేసింది. పైన కొత్త నంబర్లు వేసి, పేకముక్కల్లా కలిపేసింది. “ఇప్పుడు చూడండి సార్, తెల్లకణాలూ ఎర్రకణాలూ రెండూ” అంది.

మూడు రోజులు చూశాను. మొదటి రోజే నా గర్వం సగం దిగిపోయింది. ప్లస్ కనబడకపోతే ఏది మచ్చో ఏది మురికో ఒట్టేసి చెప్పలేకపోతున్నాను. అయినా పట్టుదలగా చూశాను. మూడో రోజు పదిహేడో నంబరు స్లైడు. నూనె చుక్క వేసి లెన్సు దించానో లేదో, ఎర్రకణం లోపల జంట. రెండు శెనక్కాయ విత్తనాలను కొనకు కొన ఆనించి పెట్టినట్లు. పక్క కణంలో ఇంకో జంట. ఎక్కడ చూసినా అవే. పసిపిల్లవాడికి చూపించినా గుర్తుపడతాడు.

“అమ్మా షాహీన్, ఇట్లా రా! ఇది బెబీసియా. ఇదీ పిడుదులు అంటించేదే గానీ ఎర్లీకియా కాదు, మాత్రలకు లొంగదు. ఈ కుక్క ఎవరిదో చూడు. ఉచ్చ డికాషన్ మాదిరి పోస్తా ఉంటాది. ఈ పొద్దే సూది పడాల, ఆలస్యం చేస్తే పోతాది!”

డికాషన్ అన్న మాట నా నోట్లోంచి వచ్చాక, నాకే ఎక్కడో ఏదో తగిలింది.

షాహీన్ గోరుతో ప్లాస్టర్ లేపింది. చదివి, నా ముందు పెట్టింది. నా చేతిరాతే. ‘యోహాను, కరియ.’ పక్కన చక్కటి ప్లస్.

ఆ సూదిమందు ఎద్దులకూ ఆవులకూ వేసేదే. పక్కనే ఉన్న ఆసుపత్రి బీరువాలో ఆ రోజూ ఉంది. వేసి ఉంటే కరియ కచ్చితంగా బతికేదని ప్రమాణం చేయలేను, అప్పటికే మూడు రోజులు ముదిరింది. కానీ బతకడానికి దానికున్న ఒకే ఒక్క దారిని నేను మూసేశాను. ఆ కుక్కకు పాత ఎర్లీకియా గుర్తు ఉంది, కొత్త బెబీసియా ఉంది. పాత గుర్తు చూసి, కొత్త రోగాన్ని వెతకడం మానేశాను. యోహాను ఇంకొకసారి చూడమన్నాడు. ఒక్కసారి, ఎర్రకణాల వైపు చూసి ఉంటే సరిపోయేది.

పెద్దసారు దగ్గరికి పోయి, మా పోలిక మొత్తం చెల్లదని చెప్పాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. “ఫైలు పైకి పోయింది గదప్పా. ఇప్పుడు కదిలిస్తే ఇద్దరికీ చెడ్డపేరు. కుక్క యాడికో పాయ, వదిలెయ్” అన్నాడు. ఆరు బర్రెల రోజు గిన్నె గీకించిన మనిషే ఈ మాట అన్నాడు. నేను వదల్లేదు. షాహీన్, నేను కూర్చుని ప్లాస్టర్లు వేసి అన్నీ మళ్ళీ చూసి, మళ్ళీ రాసి పంపాం. రెండు పరీక్షలూ ఎన్నో చోట్ల ఒకదానితో ఒకటి కలవలేదు. పెద్దసారు వెళ్ళిపోయేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. ఆ విషయంలో నాకు విచారం లేదు.

ఆ ఆదివారం

నా విచారమల్లా ఇంకోటి. ఆ కాగితాలన్నీ సరిదిద్దాను గానీ, యోహాను దగ్గరికి పోలేదు.

పత్తికొండ ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అతని ఇల్లు చేరొచ్చు. ఐదేళ్ళు ఎక్కలేదు. పోయిన కుక్క తిరిగొస్తుందా అనుకున్నాను. అతను మర్చిపోయి ఉంటాడనుకున్నాను. అసలు మాట, భయపడ్డాను. పై అధికారి ముందు తప్పు ఒప్పుకుంటే నిజాయితీపరుడని పేరు వస్తుంది. గొర్రెల కాపరి ముందు ఒప్పుకుంటే ఏం వస్తుంది?

రిటైరయ్యాక తీరుబడి ఎక్కువై, ఆ ప్లస్ కళ్ళ ముందు ఆడటం మొదలైంది. మా ఇంటామెకు చెప్పాను. “పోయి చెప్పి రాకూడదా, ఇంట్లో పడి నన్ను తింటావెందుకు?” అంది. పోదామనుకున్న ఆదివారమే ఆమె అన్నదమ్ములు మహానంది ప్రయాణం పెట్టారు. సరే, ఒక వారంలో ఏం మునిగిపోతుందిలే అని వాళ్ళతో పోయాను. కోనేట్లో మునిగాను, పులిహోర తిన్నాను. ఆ తర్వాతి శుక్రవారం పత్తికొండ బస్సెక్కాను.

యోహాను ఇంటి ముందు కూర్చుని టమోటా బాక్సుకు విరిగిన పట్టీ బిగిస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి లేచాడు, గుర్తుపట్టాడు. రూతమ్మ మంచం వాల్చింది. ఇంటి పక్కన గొర్రెల దొడ్డి ఖాళీగా, కంప చెదిరి ఉంది.

“మంద ఏమాయప్పా?”

“కరియ పోయినాంక తోడేళ్ళు వరసబెట్టి పిల్లల్ని ఎత్తకపాయ సార్. ఇంగో కుక్క కుదర్లా. అమ్మేస్తిమి. ఇప్పుడు మార్కెట్టులో బాక్సులు మోస్తాండా.”

ఇక నాన్చకుండా చెప్పేశాను. రోగం వేరు, నేను రాసిన మందు వేరు అని. సరిగ్గా చూడకుండా నీ మీద కసురుకున్నానని. యోహాను తల ఎత్తలేదు, చేతిలో సుత్తి మాత్రం ఆగింది. మాట్లాడింది రూతమ్మే. గడపలో నిలబడి ఉంది. నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్లు అడిగింది.

“అంటే సార్... ఆ రెండు మాత్రలు ఏసింటే బతికేదా?”

“లేదమ్మా. అన్నీ వేసినా అది బతికేది కాదు. ఆ మాత్రలు ఆ రోగానికి పని చేయవు.”

“నేను పండగకు పోయినందుకు సావలేదా?”

అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు ల్యాబ్‌లో నా మనసు తేలిక చేసుకోవడానికి అన్న మాట, ఆ మనిషి భుజాన ఎక్కి ఇంత దూరం వచ్చి, ఈ ఇంట్లో ఐదేళ్ళు కాపురం చేసింది. రూతమ్మ గడప దాటి ముందుకొచ్చింది.

“మంద పోయిన కాణ్ణుంచి ఆయప్పకు నేను ఏం జేసినా తప్పే సార్. చర్చికి పోయి కుక్కను సంపితివి, మందను సంపితివి అంటాడు. ఆ యేడాది నుంచి నేను కోత పండగ మొగం సూడలా. ఇంగొగసారి సెప్పు సార్. ఆయప్పకు ఇనపడేట్ట సెప్పు.”

చెప్పాను. గట్టిగానే చెప్పాను. “యోహానూ, కుక్క చచ్చిపోయింది నా వల్ల. ఈమె వల్ల కాదు.”

“మాత్రలు లెక్కబెట్టింది నువ్వే గద సార్” అన్నాడు యోహాను, ఇంకా తల ఎత్తకుండానే.

“నేనేనప్పా.”

అతను సుత్తి కింద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. భార్య వైపు సగం తిరిగి అడిగాడు.

“ఈ తూరి కోత పండగ ఎప్పుడు?”

“అయిపాయ” అంది రూతమ్మ. “పోయిన ఆదివారమే.”

ఆ ఆదివారం నేను మహానందిలో ఉన్నాను.